డెబ్బై దాటిన నాన్నకి స్కూటరా, నడకా, మెట్రోనా: ఏది మేలు?

మా నాన్నకి 71. అనంతపురం నుంచి బెంగళూరు వచ్చి నాలుగేళ్లయింది, కోణనకుంటె క్రాస్ దగ్గర ఉంటున్నాం. పోయిన నెల కనకపుర రోడ్డు మీద యూ టర్న్ తిప్పుతూ వెనకాల వస్తున్న టెంపోని చూసుకోలేదట. ఏమీ కాలేదు గానీ ఆ సాయంత్రమే స్కూటర్ తాళం తీసి బీరువాలో పెట్టేశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మందులకని నడిచి వెళ్లి, అదే రోడ్డు దాటుతూ మధ్యలో ఇరుక్కుపోయారు. స్కూటర్ మాన్పిస్తే ఆయన ఇంట్లో కూర్చోరు, రోడ్డు మీద నడుస్తారు, ఈ సంగతి నాకు అప్పటిదాకా తట్టనేలేదు.

స్కూటర్‌తో సుఖం తెలిసిందే, మోకాళ్ల మీద బరువు పడదు, ఎవరినీ అడగక్కర్లేదు. కానీ మెడ పూర్తిగా తిరగదు, శుక్లాలు మొదలైన కంటికి రాత్రి ఎదురు లైట్లు చెదిరి కనిపిస్తాయి, సిగ్నల్ దగ్గర ఆపేటప్పుడు కాలు జారితే బండి బరువంతా తుంటి మీదే. 55 దాటాక లైసెన్స్ రెన్యువల్ ఐదేళ్లకోసారి, దానికి ఫారం 1ఏ మీద డాక్టర్ సంతకం కావాలి. సరే, పగలు గదిలో చార్ట్ చదివించి సంతకం పెడితే రాత్రి చూపు సంగతి ఏం తెలుస్తుంది?

నడకే క్షేమం అనుకుంటాం కదా, లెక్క వేసి చూడండి. నాలుగు లేన్ల రోడ్డు సుమారు 14 మీటర్లు. మామూలు మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడిచి 12 సెకన్లలో దాటేస్తాడు, మా నాన్న 0.8 మీటర్ల చొప్పున నడిస్తే 17, 18 సెకన్లు పడుతుంది. ఆ మిగిలిన ఐదారు సెకన్లలో సిగ్నల్ మారిపోతుంది, బైకులు హారన్ కొడతాయి, ఆయన కంగారుపడతారు. స్కైవాక్ ఎక్కమంటారా? లిఫ్ట్ పనిచేసిన రోజు బాగానే ఉంటుంది, లేదంటే మెట్లు ఎక్కి దిగేసరికి మోకాళ్లు పట్టేస్తాయి, అందుకే పెద్దవాళ్లు కిందనుంచే దాటుతారు. ఫుట్‌పాత్ మీదికి బైకులొచ్చే ఊళ్లో ఆ పెద్దవాళ్లని తప్పుపట్టలేను.

బస్సులో అరవై దాటినవాళ్లకి 25 శాతం రాయితీ ఉంది, కానీ మెట్లు ఎత్తు, కూర్చునేలోపే కదిలిపోతుంది. అమ్మకైతే కర్ణాటక ఆడవాళ్లకి ఉచిత బస్సు ప్రయాణమిచ్చే శక్తి స్కీమ్‌లో ఉచితం అయ్యేది, ఆధార్‌లో ఇంకా అనంతపురం అడ్రసే ఉంది మరి!

దూరాలకి నా ఓటు మెట్రోకే. 2021 జనవరిలో గ్రీన్ లైన్ సిల్క్ ఇన్‌స్టిట్యూట్ దాకా పొడిగించినప్పటి నుంచి మా క్రాస్‌లోనే స్టేషన్ ఉంది. లిఫ్ట్ ఉంది, పెద్దవాళ్లకి సీట్లున్నాయి, నేషనల్ కాలేజ్ దగ్గర దిగితే గాంధీ బజార్‌కి నడిచిపోవచ్చు. చిక్కంతా ఇంటినుంచి స్టేషన్‌దాకా ఉన్న ఆ ముప్పావు కిలోమీటరే. అక్కడికి ఆటో మాట్లాడితే "అంత దగ్గరికా" అని ముఖం చిట్లిస్తారు, మీటరు మీద ఇంకో పాతిక ఇస్తానంటే వస్తారు. ఇద్దామని నేనూ, దండగని ఆయనా! నన్నడిగితే ఈ ఖర్చులో పిసినారితనం వద్దు, తుంటి ఎముక ఆపరేషన్‌తో పోలిస్తే ఎంతని?

చివరికి ఇలా కుదిరింది. దూరమైతే ఆటో, మెట్రో. చీకటి పడితే స్కూటర్ ముట్టుకోరు, కనకపుర రోడ్డెక్కరు. లేఅవుట్ లోపల పాలకీ, గుడికీ, పొద్దున పదిలోపు హెల్మెట్‌తో నడుపుకోవచ్చు. అన్నిటికీ ఒప్పుకున్నారు, ఒక్క షరతు పెట్టారు: తాళం బీరువాలో ఉండకూడదు, ఎప్పటిలాగే తలుపు పక్కన మేకుకి వేలాడాలి.