టోవె యాన్సన్‌ని వెతుక్కుంటూ టాంపెరె, హెల్సింకీ

ఫిన్లాండ్ వెళ్తున్నామనగానే చాలామంది అడిగేది నాంతాలిలోని మూమిన్ వరల్డ్ గురించే. పిల్లలు చిన్నవాళ్లయితే తప్పకుండా తీసుకెళ్లండి. 1993లో తెరిచిన ఆ పార్కులో నీలిరంగు మూమిన్ ఇల్లు చూసి ఎగిరి గంతేస్తారు. కానీ ఆ తెల్లటి బొద్దు జీవుల్ని సృష్టించిన టోవె యాన్సన్ చేతిరాతను, చేతిగీతను చూడాలంటే మాత్రం టాంపెరె వెళ్లాల్సిందే.

హెల్సింకీ నుంచి రైల్లో రెండు గంటలలోపే చేరిపోవచ్చు. రైళ్లు శుభ్రంగా ఉంటాయి. టికెట్ ముందుగా తీసుకుంటే చవక. మూమిన్ మ్యూజియం ఉండే టాంపెరె హాల్‌కి స్టేషన్ నుంచి నడిచే వెళ్లొచ్చు. సోమవారం సెలవు ఉంటుంది కాబట్టి చూసుకుని బయల్దేరండి.

లోపల వెలుతురు బాగా తక్కువ. పాత కాగితం, సిరా పాడవకుండా ఉండాలంటే తప్పదు. కళ్లు అలవాటుపడేదాకా కాసేపు ఆగితే అసలు విషయం తెలుస్తుంది. పుస్తకాల్లో పేజీ నిండా కనిపించే బొమ్మల అసలు ప్రతులు చాలావరకు అరచేతిలో పట్టేంతే! రాత్రి సముద్రాన్ని గీసేటప్పుడు ఆమె నల్లరంగు పూసేయలేదు. సన్నటి గీత మీద గీత అడ్డంగా, నిలువుగా అల్లుకుంటూ చీకటిని తెచ్చింది. మూమిన్ తెలుపు మటుకు ఉత్త కాగితమే. మొదటి మూమిన్ కథను ఆమె 1939 చలికాలంలో, యుద్ధం మొదలైన రోజుల్లో రాయడం మొదలుపెట్టింది. పుస్తకం వచ్చింది 1945లో. వరదలో నాన్న కోసం వెతుక్కుంటూ తిరిగే తల్లీకొడుకుల కథ అది. ఆ చీకటిగీతల ముందు నిలబడితే అది పిల్లల కాలక్షేపానికి రాసిన కథలా అనిపించదు. జీవితసహచరి, చిత్రకారిణి తూలిక్కి పియెటిలా మరికొందరితో కలిసి చేసిన మూమిన్ ఇల్లు కూడా ఇక్కడే ఉంది. ఆ ఇంటి ఎత్తు మనిషి ఎత్తును మించే ఉంటుంది. ఒక్కో గది ముందూ ఆగి చూడండి.

హెల్సింకీలో హామ్ ఆర్ట్ మ్యూజియంలో టోవె వేసిన 1947 నాటి రెండు పెద్ద ఫ్రెస్కోలు (గోడచిత్రాలు) ఉన్నాయి. ‘నగరంలో విందు’ అనే చిత్రంలో ముందువైపు టేబుల్ దగ్గర కూర్చున్నది టోవెనే. ఆమె దగ్గర బుల్లి మూమిన్ ఒకటి ఉంటుంది, వెతికి పట్టుకోండి. 1944 నుంచి ఆమె పనిచేసిన స్టూడియో ఉల్లన్‌లిన్నన్‌కాతు 1లో ఉంది గానీ గోడ మీద ఫలకం తప్ప చూడ్డానికేం లేదు. దానికోసమే అంతదూరం వెళ్లనక్కర్లేదు. బాల్యం గడిచిన కాతయనొక్కాలో ఆమె పేరిట ఉన్న పార్కు మాత్రం సాయంత్రం నడకకు హాయిగా ఉంటుంది.

బస సంగతికొస్తే, అపార్ట్‌మెంట్ తీసుకుంటే అన్నం వండుకోవచ్చు, ఖర్చూ కలిసొస్తుంది. కానీ మేం తీసుకున్నచోట తాళం కోడ్ సాయంత్రం దాకా పంపలేదు, సామాన్లతో వానలో నిలబడ్డాం. అందుకే మొదటి రాత్రికి స్టేషన్ దగ్గర హోటలే మేలు. పొద్దున టిఫిన్‌లో బియ్యం జావ నింపిన ‘కరేలియన్ పై’ అనే రొట్టె దొరుకుతుంది. శాకాహారులకు మంచి ఆధారం. నీళ్ల సీసాలు కొనకండి, కుళాయి నీళ్లే బాగుంటాయి.

టోవె, తూలిక్కి దాదాపు మూడు దశాబ్దాల వేసవులు గడిపిన క్లొవ్‌హారు దీవికి వెళ్లాలని అందరికీ ఉంటుంది. నాలుగు దిక్కులా నాలుగు కిటికీలున్న ఒంటిగది ఇల్లు అది. అయితే వేసవిలో కొద్దిరోజులే వీలవుతుంది, గాలి ఎక్కువైతే పడవ ఒడ్డుకు చేరదు. చేతిలో రోజులు తక్కువుంటే ఆ దీవి ఆశ వదులుకుని టాంపెరెలో ఒక రాత్రి ఉండండి. మర్నాడు మ్యూజియం తలుపులు తీసే వేళకే వెళ్తే స్కూలు పిల్లల బృందాలు రాకముందే ఆ చిన్న బొమ్మల్ని దగ్గరగా, తీరిగ్గా చూడొచ్చు.