అమ్మ ఓటీజీలో మూడేళ్ల సోల్డరింగ్

మా అమ్మకు కేకుల మోజు ఆరు నెలల్లో తీరిపోయింది. అటకెక్కిన ఆ 19 లీటర్ల ఓటీజీని (కేకులు చేసే చిన్న కరెంటు ఓవెన్) నేను కిందికి దించి మూడేళ్లయింది. ఇప్పటికి నలభై దాకా చిన్న సర్క్యూట్ బోర్డులకు విడిభాగాలు అందులోనే అతికించాను. బోర్డు మీద టంకం పేస్టు పూసి, భాగాలు పెట్టి వేడిచేస్తే, అది కరిగి వాటిని పట్టేస్తుంది. కడపలో ఏడురోడ్ల చుట్టుపక్కల ఎంత తిరిగినా మామూలు సోల్డరింగ్ ఐరన్ తప్ప ఈ పనికి వేరే పరికరం దొరకలేదు మరి.

డయల్ మీది అంకెల్ని మాత్రం నమ్మొద్దు. 200 దగ్గర పెడితే, బోర్డు పక్కన ఉంచిన కె-టైప్ థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ) ఒకసారి 175, ఇంకోసారి 220 చూపించింది. మల్టీమీటర్‌కు తగిలించే ఆ తీగ లేకుండా ఈ పనిలో దిగకండి.

నేను వాడేది 63-37 సీసం పేస్టు, అంటే దాని టంకంలో 63 శాతం తగరం, 37 శాతం సీసం. 150 డిగ్రీల దాకా తీసుకెళ్లి, నిమిషంన్నర అక్కడే నిలిపి, మళ్లీ రెండు రాడ్లూ పూర్తిగా వేస్తాను. 183 దాటగానే బూడిద రంగు పేస్టు ఒక్కసారిగా వెండిలా మెరుస్తుంది. వంకరగా పెట్టిన రెసిస్టర్ తనంతట తానే జరిగి వరుసలోకి వస్తుంది. ఎన్నిసార్లు చూసినా ఆ గాజు తలుపు ముందు గొంతుక్కూర్చుని చూస్తూనే ఉంటాను. 215 దగ్గర స్విచ్ ఆపి మెల్లగా తలుపు తీయాలి. టంకం గట్టిపడేదాకా బోర్డును కదపకూడదు.

సీసం లేని పేస్టుతో రెండుసార్లు చేసి వదిలేశాను. అది కరిగేదే 217 దగ్గర. 200 దాటాక మా ఓటీజీ ఎడ్లబండిలా నడుస్తుంది, ఈలోపు పేస్టులో టంకం బాగా అంటుకునేలా చేసే ఫ్లక్స్ ఆరిపోయి టంకం పూసలు పూసలుగా మిగిలింది. ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజీ పడిపోతే ఇక చెప్పక్కర్లేదు. మే నెలలో కొరియర్‌లో వచ్చిన పేస్టు డబ్బా తెరిస్తే, నూనె తేలిన ఊరగాయలా ఫ్లక్స్ పైకి తేలి ఉంది. అప్పట్నుంచి చలికాలంలోనే తెప్పించుకుంటున్నాను.

ఒకసారి ప్లాస్టిక్ కనెక్టర్‌తో సహా బోర్డును లోపల పెట్టేశాను. అది కరిగి వాలిపోయింది, ఇల్లంతా కంపు. "ఏం మాడబెట్టినావురా?" అని అమ్మ పరిగెత్తుకొచ్చింది. ఆ రోజే ఓటీజీ మేడ మీది గదికి మారింది. ఎలాగూ పొగకు కిటికీ ఉండాల్సిందే.

ఎంత తోమినా ఇది మళ్లీ తిండికి పనికిరాదు. సీసం, ఫ్లక్స్ మసి లోపలి గోడలకు పట్టేసి ఉంటాయి. మొన్న అమ్మ చెనిక్కాయలు వేయించుకోను ట్రే అయినా ఇమ్మంది. కొత్తది కొనిచ్చి, పాతదాని మీద ఎర్ర పెయింట్‌తో ఇంటూ గుర్తు వేశాను.