ఆర్ అప్‌గ్రేడ్‌లో ఖాళీ లైబ్రరీ: నాకెందుకు ఇష్టం, ఎక్కడ చాలలేదు

గణాంకాల పనికి వాడే ప్రోగ్రామింగ్ భాష ఆర్ కొత్త వెర్షన్ వేసుకోగానే చాలామందికి వచ్చే మొదటి సందేహం, "నా ప్యాకేజీలన్నీ (ఆర్‌కు మనం తగిలించుకునే అదనపు ఫంక్షన్ల కట్టలు) ఏమైపోయాయి?" 4.3 నుంచి 4.4కి మారగానే లైబ్రరీ, అంటే ప్యాకేజీలు ఉండే ఫోల్డర్, ఖాళీ. నిన్నటిదాకా ఉన్న జీజీప్లాట్2 లేదు, డేటా.టేబుల్ లేదు. అందరూ విసుక్కునే ఈ ఏర్పాటే నాకు ఆర్‌లో అన్నిటికంటే నచ్చింది. 3.6 రోజుల నుంచి వాడుతున్నాను, ప్రతి ఏడాదీ ఏప్రిల్ ప్రాంతంలో కొత్త వెర్షన్ వస్తుంటే టెన్షన్ లేకుండా వేసుకోగలుగుతున్నది దీనివల్లే.

4.3 ప్యాకేజీలు 4.3 ఫోల్డర్‌లో, 4.4వి 4.4 ఫోల్డర్‌లో ఉంటాయి. విండోస్‌లో కొత్త ఆర్ వేసినంత మాత్రాన పాతది పోదు, రెండూ పక్కపక్కనే ఉంటాయి. కొత్తదానిలో ఏదైనా మొరాయిస్తే, ఆర్ కోడ్ రాసి నడిపే ఆర్‌స్టూడియో ఆప్షన్స్‌లో పాత ఆర్‌ని ఎంచుకుని మళ్లీ తెరిస్తే చాలు, పని ఆగదు. ఇంత తేలిగ్గా వెనక్కి వెళ్లే దారి వేరే సాఫ్ట్‌వేర్‌లో నాకు అరుదుగా దొరికింది.

పాత ఫోల్డర్‌లోవన్నీ కాపీ చేసి కొత్తదానిలో పడేయమనే సలహా తరచూ వినిపిస్తుంది. దయచేసి వద్దు. 2020లో 4.0.0 వచ్చినప్పుడు అంతకు ముందు ఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీలన్నీ మళ్లీ వేసుకోవాల్సిందే అయింది. కాపీ కొట్టి తెచ్చినవి లోడ్ కూడా కాలేదు. నేను పాత ఆర్‌లో ప్యాకేజీల పేర్ల జాబితా ఒక ఫైల్‌లో దాచుకుని, కొత్త ఆర్‌లో లేనివాటిని మాత్రం ఆర్ ప్యాకేజీల అధికారిక భాండారం క్రాన్ నుంచి తాజాగా తెచ్చుకుంటాను. గిట్‌హబ్ నుంచి తెచ్చినవి ఈ పద్ధతిలో రావు, వాటి చిట్టా వేరే రాసి పెట్టుకోవాలి. ఇందులో ఇంకో లాభం ఉంది. మ్యాపుల డేటాకు వాడే ఆర్‌జీడాల్, ఆర్‌జియోస్, మ్యాప్‌టూల్స్ ప్యాకేజీలు 2023 అక్టోబర్‌లో క్రాన్ నుంచి తప్పుకున్నాయి. ఇలా తాజాగా వేసుకునేటప్పుడు అవి రాకపోతే, వాటి బదులు వాడే ఎస్ఎఫ్, టెర్రా వైపు మారాలని అప్పుడే తెలిసిపోతుంది. కాపీ చేస్తే ఆ సంగతి పని మధ్యలో బయటపడుతుంది.

ఇంతగా మెచ్చుకున్న ఏర్పాటు నాకు అసలు అవసరమైన రోజున అక్కరకు రాలేదు.

2023 చివర్లో సంగతి. ఆర్ మార్చలేదు, అదే 4.3. ప్యాకేజీలు మాత్రం మామూలుగా అప్‌డేట్ చేశాను. వాటితో పాటు మ్యాట్రిక్స్ ప్యాకేజీ 1.6-2 వచ్చింది. తర్వాత నా స్క్రిప్ట్ నడిపితే అంతా బాగానే మొదలైంది. మిక్స్‌డ్ మోడల్స్ (ఒక రకం గణాంక నమూనాలు) నడిపే ఎల్ఎంఈ4 ప్యాకేజీ ఏ గొడవా లేకుండా లోడ్ అయింది. పట్టికలు వచ్చాయి, గ్రాఫులు వచ్చాయి. తీరా మిక్స్‌డ్ మోడల్ నడిపే లైన్ దగ్గర ఎర్రర్: ఏదో ఫంక్షన్‌ను మ్యాట్రిక్స్ అందించడం లేదట. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, డేటా మారలేదు.

ఎల్ఎంఈ4 తన లోపలి లెక్కల కోసం మ్యాట్రిక్స్‌లోని సీ కోడ్‌ను నేరుగా పిలుస్తుంది. నా దగ్గరున్న ఎల్ఎంఈ4 పాత మ్యాట్రిక్స్‌కు సరిపడేలా కంపైల్ అయింది (అంటే కోడ్ నుంచి కంప్యూటర్ నేరుగా నడిపే రూపంలోకి మారింది). కొత్త మ్యాట్రిక్స్‌లో ఆ లోపలి ఏర్పాట్లు మారాయి. ఎల్ఎంఈ4 వెర్షన్ నంబర్ మాత్రం అదే కాబట్టి, అప్‌డేట్ చేయాల్సింది ఏమీ లేదనే ఆర్ చెప్తోంది. అప్‌డేట్ ఆదేశంలోని చెక్‌బిల్ట్ ఆప్షన్ ఆన్ చేసి చూశాను. అది పాత ఆర్ సిరీస్‌లో తయారైన ప్యాకేజీలను మాత్రమే పట్టుకుంటుంది. ఇక్కడ అన్నీ 4.3లోనే తయారయ్యాయి, దానికి దొరకవు. ఎల్ఎంఈ4 తీసేసి మళ్లీ వేశాను. వచ్చిన బైనరీ (ముందే కంపైల్ చేసి ఉంచిన కాపీ) కూడా పాత మ్యాట్రిక్స్‌తో తయారైనదే. చివరికి విండోస్‌లో కంపైల్ చేయడానికి కావాల్సిన ఆర్‌టూల్స్ 4.3 దించుకుని, ఎల్ఎంఈ4ను సోర్స్ (అసలు కోడ్) నుంచి కంపైల్ చేయిస్తే అప్పుడు నడిచింది.

ఖాళీ లైబ్రరీ ఎందుకు కాపాడలేదంటే, ఆ విభజన 4.3కి, 4.4కి మధ్య మాత్రమే ఉంటుంది. 4.3.1, 4.3.2 ఒకే ఫోల్డర్ వాడుకుంటాయి. ఒకే సిరీస్‌లో ఉంటూ అప్‌డేట్ చేస్తే పాత కాపీ మీద కొత్తది వచ్చి కూర్చుంటుంది, వెనక్కి వెళ్లడానికి ఏమీ మిగలదు. ఆర్ మార్చేటప్పుడు అంత జాగ్రత్తగా ఉండే మనం మధ్యలో చేసే అప్‌డేట్లను పట్టించుకోం. నా అనుభవంలో దెబ్బ తగిలింది అక్కడే.

అప్పటి నుంచి ముఖ్యమైన ప్రాజెక్టులన్నిటికీ ఆర్‌ఎన్వ్ పెట్టాను, ప్రతి ప్రాజెక్టుకూ విడిగా లైబ్రరీ ఇచ్చే ప్యాకేజీ అది. ఏ ప్యాకేజీ ఏ వెర్షనో లాక్ ఫైల్‌లో ఉంటుంది, ఒక ప్రాజెక్ట్‌లో చేసిన అప్‌డేట్ ఇంకోదాన్ని తాకదు. ఇదీ అన్నిటికీ మందు కాదు. లాక్ ఫైల్‌లో ఆర్ వెర్షన్ రాసి ఉంటుంది కానీ, ఆ ఆర్‌ను ఆర్‌ఎన్వ్ తెచ్చిపెట్టదు. పాత లాక్ ఫైల్‌ను కొత్త ఆర్‌లో రిస్టోర్ చేయబోతే పాత వెర్షన్లకు బైనరీలు దొరకక సోర్స్ నుంచి కంపైల్ కావాల్సి వస్తుంది, కొన్ని కావు కూడా. అప్పుడు పాత ఆర్‌కే వెళ్లాలి. అందుకే పాత ఆర్‌ను వెంటనే అన్‌ఇన్‌స్టాల్ చేయను. దానిమీద నడిచిన ప్రాజెక్ట్ పూర్తిగా ముగిసేదాకా ఉంచుతాను.

నా పరిస్థితికి ఇది సరిపోతోంది: సొంత విండోస్ ల్యాప్‌టాప్, ఎక్కువగా మిక్స్‌డ్ మోడల్స్, ప్యాకేజీలు మరీ ఎక్కువేమీ కావు. లినక్స్‌లో క్రాన్ నుంచి నేరుగా వేసుకునేవాళ్లకు అన్నీ సోర్స్ నుంచే కంపైల్ అవుతాయి, ఖాళీ లైబ్రరీ నింపడానికి చాలాసేపు పడుతుంది. వాళ్లు పాజిట్ పబ్లిక్ ప్యాకేజ్ మేనేజర్‌లో బైనరీలు చూసుకోవడం మేలు. జీవశాస్త్ర డేటా కోసం ఉన్న ఆర్ ప్యాకేజీల సముదాయం బయోకండక్టర్ వాడేవాళ్ల లెక్క వేరు. దాని ప్రతి విడుదలా ఒక నిర్దిష్టమైన ఆర్ వెర్షన్‌కు కట్టుబడి ఉంటుంది కాబట్టి ఎప్పుడు మారాలన్నది వాళ్ల చేతుల్లో పూర్తిగా ఉండదు. నలుగురూ వాడే సర్వర్‌లో ఆర్ ఎప్పుడు మారుతుందో ముందుగా తెలియనివాళ్లకైతే నా జాబితా పద్ధతి చెప్పను. వాళ్లు మొదటి రోజు నుంచే లాక్ ఫైల్ పెట్టుకోవాలి.