పాత 911 కొనాలా, పాత వాంటేజ్ కొనాలా?

అమెరికాలో సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు వెతికేవాళ్ల దగ్గర చివరికి మిగిలే జాబితాలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఒకటి పోర్షే 911లో 997 తరం, అంటే 2005 నుంచి 2012 దాకా వచ్చిన మోడళ్లు. రెండోది ఆస్టన్ మార్టిన్ వి8 వాంటేజ్, 2006 నుంచి 2017 దాకా అమ్మినది. కొత్తగా ఉన్న రోజుల్లో ఆస్టన్ ధర లక్ష డాలర్లు దాటింది, 911లో ఎక్కువ శక్తి ఉన్న రకం కరేరా ఎస్ అంతకంటే తక్కువకే వచ్చేది. ఇప్పుడు లెక్క తిరగబడింది. మాన్యువల్ గేర్లున్న చివరి ఏళ్ల 997కి అడిగే ధర సాధారణంగా అదే వయసు వాంటేజ్ కంటే ఎక్కువే ఉంటుంది. అందుకే చాలామందికి ఆస్టన్ కారుచౌకగా దొరుకుతున్నట్టు అనిపిస్తుంది. ఆ చౌక ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుని కొంటే ఇబ్బంది లేదు.

పోర్షేలో భయపడాల్సింది ఇంజిన్ లోపల ఉంటుంది. మిగతా కారంతా మొండిది, పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి, చేసే మెకానిక్‌లు ప్రతి పెద్ద ఊళ్లోనూ ఉన్నారు. ఆస్టన్‌లో ఇంజిన్ గట్టిదే, ఖర్చంతా దాని చుట్టూ ఉంటుంది. ఒక సీల్ మార్చాలన్నా, క్లచ్ మార్చాలన్నా సగం కారు విప్పాలి. బిల్లులో పార్టు ధర చిన్నగా, కూలీ పెద్దగా కనిపిస్తుంది.

ముందు పోర్షే సంగతి. 997 అని ఒకే పేరు పెట్టి అమ్ముతున్నా ఇందులో రెండు వేరు వేరు కార్లున్నాయి. 2008 దాకా వచ్చినవాటిని 997.1 అంటారు. కరేరాలో 3.6 లీటర్ల ఇంజిన్, కరేరా ఎస్‌లో 355 హార్స్‌పవర్ ఇచ్చే 3.8 లీటర్ల ఇంజిన్. 2009 నుంచి వచ్చినవి 997.2. వాటిలో డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న పూర్తిగా కొత్త ఇంజిన్, ఎస్‌లో 385 హార్స్‌పవర్. బయటి నుంచి చూస్తే వెనక లైట్లు ఎల్ఈడీవి అయితే 997.2 అని గుర్తు.

ఇంటర్నెట్‌లో అందరూ ఐఎమ్ఎస్ బేరింగ్, అంటే ఇంజిన్ లోపలి ఇంటర్మీడియట్ షాఫ్ట్‌ను మోసే బేరింగ్ గురించే భయపెడతారు. 997 విషయంలో ఆ భయం కాస్త ఎక్కువే. 2005 కార్లలో కొన్నింటికి పాత చిన్న బేరింగ్ ఉంది. దాన్ని క్లచ్ మార్చేటప్పుడే మార్చేయవచ్చు. 2006 నుంచి వేసిన పెద్ద బేరింగ్‌ను ఇంజిన్ రెండు ముక్కలుగా విప్పకుండా బయటికి తీయలేరు, కానీ అది పోవడం అరుదు. క్లచ్ పని జరుగుతున్నప్పుడు ఆ బేరింగ్ బయటి సీల్ తీసేయించండి. లోపలి గ్రీజు మీద ఆధారపడకుండా ఇంజిన్ ఆయిలే దాన్ని తడుపుతుంది. 997.2 ఇంజిన్‌లో ఆ షాఫ్టే లేదు.

997.1లో, ముఖ్యంగా 3.8లో, నిజంగా నిద్ర పట్టనివ్వనిది బోర్ స్కోరింగ్. సిలిండర్ గోడలు అల్యూమినియంలో సిలికాన్ కలిపినవి. పిస్టన్ పక్కనున్న పూత అరిగిపోతే పిస్టన్ ఆ గోడను గీరడం మొదలుపెడుతుంది. ఎక్కువగా రెండో బ్యాంక్‌లో, అంటే 4, 5, 6 సిలిండర్లలో, అందులోనూ తరచుగా ఆరో సిలిండర్‌లో ముందు మొదలవుతుంది. చలి ప్రాంతాల్లో తిరిగిన కార్లలో ఇది ఎక్కువ. ఇంజిన్ వేడెక్కకముందే గట్టిగా తొక్కినా, తక్కువ ఆర్‌పీఎమ్‌లో పెద్ద గేరులో ఈడ్చినా త్వరగా వస్తుంది. అంతదాకా వచ్చాక ఇంజిన్ తిరిగి కట్టించుకోవడానికి ఇరవై వేల డాలర్లు దాటుతుంది.

దీన్ని పట్టుకునే పద్ధతి ఇది. అమ్మేవాళ్లకి ముందే చెప్పండి, మీరు వచ్చేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని. మీరు వెళ్లేసరికి వెనక ఇంజిన్ మూత వేడిగా ఉంటే ఇంకో రోజు రండి. స్టార్ట్ చేశాక ఇంజిన్ వేడెక్కేదాకా వినండి. వేడెక్కిన తర్వాత కూడా టక్ టక్‌మని ఒకే లయలో చప్పుడు పోకపోతే అనుమానించాలి. సైలెన్సర్ పైపుల్లోకి వేలు పెట్టి తుడిచి చూడండి. ఒక వైపు మాత్రమే దట్టంగా, జిడ్డుగా మసి ఉంటే మంచిది కాదు. ఆయిల్ ఎంత తాగుతోందో అడగండి, కానీ జవాబును నమ్మకండి. చివరగా బోరోస్కోప్, అంటే ఇంజిన్ లోపలికి దూర్చి చూసే సన్నని కెమెరా. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి చూసి "బాగుంది" అని రాసిచ్చే వర్క్‌షాపులు చాలా ఉన్నాయి. గీతలు మొదలయ్యేది సిలిండర్ కింది భాగంలో. పైనుంచి చూస్తే అది సరిగా కనపడదు. ఆయిల్ తీసి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్ ప్లేట్ విప్పి, పిస్టన్ పైకి వెళ్లినప్పుడు కింద నుంచి కెమెరా పెట్టాలి. నాలుగైదు గంటల కూలీ అయినా ఇందులో బేరమాడొద్దు. అమ్మేవాళ్లు దీనికి ఒప్పుకోకపోతే ఆ 3.8 మీది కాదు.

ఎలాగూ ఆయిల్ తీస్తారు కాబట్టి ఫిల్టర్‌ను కోసి మెరిసే రజను ఉందేమో చూడమనండి. కొద్దిగా ఆయిల్‌ను ల్యాబ్‌కి పంపితే అల్యూమినియం, ఇనుము ఎంత ఉందో చెప్తారు.

తర్వాత కంప్యూటర్ రిపోర్ట్. ఇంజిన్ ఎప్పుడెప్పుడు ఆర్‌పీఎమ్ పరిమితి దాటి తిరిగిందో 997 కంప్యూటర్ ఆరు రేంజ్‌లుగా దాచుకుంటుంది. ఒకటి, రెండు రేంజ్‌లలో వందల్లో ఉన్నా పర్వాలేదు, ఇంజిన్ వేగాన్ని అడ్డుకునే రెవ్ లిమిటర్‌ను తాకినవి అంతే. నాలుగు నుంచి ఆరు దాకా అంకెలు ఉంటే ఎవరో ఐదో గేరు నుంచి నాలుగుకి బదులు రెండులో వేశారని అర్థం. అలాంటిది చివరిసారి ఇంజిన్ నడిచిన ఎన్నో గంట దగ్గర జరిగిందో కూడా రిపోర్టులో ఉంటుంది. వందల గంటల కిందట జరిగి, తర్వాత ఇంజిన్ బాగా నడిస్తే వదిలేయవచ్చు. మొన్ననే అయితే వద్దు. ఇంకో ఉపయోగం ఉంది: ఓడోమీటర్ మైళ్లను మొత్తం గంటలతో భాగించండి. గంటకు 25 నుంచి 40 మైళ్ల మధ్య రావాలి. పదిహేను వస్తే మీటరు మీద ఒక కన్ను వేయాల్సిందే.

997.2లో ఈ తలనొప్పులు చాలావరకు లేవు. హై ప్రెజర్ ఫ్యూయల్ పంప్ నీరసిస్తే స్టార్టర్ ఎక్కువసేపు తిరగాల్సి వస్తుంది. వాటర్ పంపు, కాయిల్స్ కాలంతోపాటు పోతాయి. పీడీకే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అద్భుతమైనది, దాని స్టీరింగ్ మీద వచ్చిన తోసే బటన్లు మాత్రం ఎవరికి తోచిన ఆలోచనో తెలియదు. విడిగా ప్యాడిల్స్ పెట్టించుకున్న కారు దొరికితే అదే తీసుకోండి. పీడీకే లోపలి సెన్సర్ పోతే డీలర్ మొత్తం గేర్‌బాక్స్ మార్చాలంటాడు. విప్పి సెన్సర్ ఒక్కటే మార్చే స్వతంత్ర వర్క్‌షాపులు ఇప్పుడున్నాయి, ముందే ఒకటి చూసి పెట్టుకోండి. క్లచ్ ఆయిల్ అరవై వేల మైళ్లకి మార్చిన బిల్లు ఉండాలి.

రెండు రకాల 997కీ ఉన్న చిన్న జబ్బులు: ముందు బంపర్ లోపల రేడియేటర్లు, ఏసీ కండెన్సర్ల దగ్గర ఆకులు చేరి, తడిసి, తుప్పు పట్టి లీకవుతాయి. టార్చ్ వేసి చూడొచ్చు. పొద్దున స్టార్ట్ చేయగానే కాస్త నీలం పొగ రావడం సిలిండర్లు అడ్డంగా పడుకోబెట్టి ఉన్న ఇలాంటి ఇంజిన్లకి మామూలే. అది ఆగకుండా మేఘంలా వస్తే ఎయిర్ ఆయిల్ సెపరేటర్ పోయింది. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య తడి ఉంటే రియర్ మెయిన్ సీల్ కారుతోందని. బొట్లు పడనంతవరకు క్లచ్ పని వచ్చేదాకా ఆగవచ్చు. బ్రేక్ కాలిపర్లు పసుపు రంగువైతే అవి సిరామిక్ బ్రేకులు. డిస్కుల ధర తెలుసుకున్నాక బేరం మొదలుపెట్టండి.

ఇక ఆస్టన్. 2008 దాకా 4.3 లీటర్లు, 380 హార్స్‌పవర్. ఆ తర్వాత 4.7 లీటర్లు, 420. అంకెల్లో తేడా నలభయ్యే అయినా రోడ్డు మీద అంతకంటే ఎక్కువ తెలుస్తుంది, ఎందుకంటే టార్క్ 410 న్యూటన్ మీటర్ల నుంచి 470కి పెరిగింది. 4.3లో పై ఆర్‌పీఎమ్ దాకా తిప్పితేగాని కదలిక ఉండదు, 1,570 కిలోల బరువు అప్పటిదాకా గుర్తుచేస్తూనే ఉంటుంది. బడ్జెట్ ఎక్కడైనా కత్తిరించండి, ఇక్కడ మాత్రం వద్దు. 4.7నే తీసుకోండి.

ఇంజిన్ మూలం జాగ్వార్ వి8. దాన్ని డ్రై సంప్‌తో (ఆయిల్‌ను ఇంజిన్ అడుగున కాకుండా విడి ట్యాంకులో ఉంచే పద్ధతి) మార్చి జర్మనీలోని కొలోన్‌లో కట్టారు. టైమింగ్ చైన్, బెల్ట్ కాదు. బోర్ స్కోరింగ్ లాంటి పేరున్న జబ్బు దీనికి లేదు. కానీ తొలి 4.3 కార్లలో ముందు టైమింగ్ కవర్ దగ్గర ఆయిల్ కారుతుంది. కింది అండర్‌ట్రే ఆ ఆయిల్‌ను పట్టి దాచేస్తుంది కాబట్టి నేల మీద మరక ఉండదు. ట్రే విప్పించి చూడాలి. ఆ లీక్ సరిచేయాలంటే రబ్బరు, గ్యాస్కెట్ల ఖర్చు కొద్దే, కూలీ వేలల్లో.

డ్రై సంప్ కాబట్టి ఆయిల్ చూసే పద్ధతి వేరు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఆపి, కొద్ది నిమిషాల్లోనే డిప్‌స్టిక్ తీయాలి. చల్లగా ఉన్నప్పుడు చూస్తే తక్కువ చూపిస్తుంది, అది చూసి పోసేవాళ్లు ఎక్కువ పోసేస్తారు. సిస్టమ్ మొత్తం పది లీటర్లకు పైనే పడుతుంది, ఆయిల్ మార్పు బిల్లు అందుకే ఎక్కువ.

అసలు ఖర్చు క్లచ్. ఇంజిన్ ముందు, గేర్‌బాక్స్ వెనక చక్రాల దగ్గర, రెండింటినీ కలుపుతూ టార్క్ ట్యూబ్, దాని లోపల కార్బన్ ఫైబర్ షాఫ్ట్. క్లచ్ ఉన్నది ఇంజిన్ వైపు. దాన్ని అందుకోవాలంటే ఎగ్జాస్ట్ దించాలి, గేర్‌బాక్స్ దించాలి, టార్క్ ట్యూబ్ వెనక్కి లాగాలి. మంచి మెకానిక్‌కి కూడా రెండు రోజుల పని. స్వతంత్ర వర్క్‌షాపులో కూడా నాలుగైదు వేల డాలర్ల లోపు అవుతుందని ఆశపడకండి. లోపలికి వెళ్లాక స్లేవ్ సిలిండర్, రిలీజ్ బేరింగ్ కూడా మార్చాల్సిందే. వాటి కోసం మళ్లీ అంతా విప్పడం కంటే దండగ లేదు. క్లచ్ గొట్టాల్లోంచి గాలి తీసే బ్లీడ్ నిపుల్‌ను బయటికి తెచ్చే పొడుగు గొట్టం అప్పుడే వేయించండి. ట్విన్ ప్లేట్ క్లచ్‌కి మారేవాళ్లు ఎక్కువమంది ఉన్నారు. పెడల్ తేలికవుతుంది, కారుకి అది నప్పుతుంది.

క్లచ్ పరీక్ష సులువు. నాలుగో గేరులో 2,000 ఆర్‌పీఎమ్ దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎమ్ ముల్లు కారు వేగం కంటే ముందు పరిగెడితే క్లచ్ జారుతోంది. రెండో గేరు చల్లగా ఉన్నప్పుడు మొరాయించడం ఈ గ్రాజియానో గేర్‌బాక్స్‌కి మామూలే. వేడెక్కాక కూడా కరకరమంటే సింక్రో (గేరు సాఫీగా పడేలా చేసే రింగు) అరిగింది.

స్పోర్ట్‌షిఫ్ట్ అనే బోర్డు ఉంటే ఇంకో మాట. అది మామూలు ఆటోమేటిక్ కాదు. అదే క్లచ్‌ను హైడ్రాలిక్స్ తొక్కుతాయి. ట్రాఫిక్‌లో ఇంచీ ఇంచీ జరిపినా, ఎత్తున్న డ్రైవ్‌వేలోకి రివర్స్‌లో ఎక్కించినా క్లచ్ మాడుతుంది. ఎంత అరిగిందో డీలర్ స్థాయి కంప్యూటర్ చూపిస్తుంది, ఆ అంకె రాసిచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దు. కొత్త క్లచ్ వేసినా కంప్యూటర్‌కి దాన్ని నేర్పించాలి, ఆ పరికరం లేని గ్యారేజీకి ఇస్తే సగం పనే అవుతుంది. వాంటేజ్ ఎస్‌తో 2011లో వచ్చిన ఏడు గేర్ల రెండో రకం మెరుగే, కానీ ఇందులో పీడీకే సుఖం వెతకొద్దు. ఈ కారుకి మాన్యువలే అందం, తర్వాత అమ్మడానికీ అదే లాభం.

బాడీ అల్యూమినియం పలకలు, జిగురుతో అతికించిన చట్రం. డోర్ హ్యాండిళ్ల చుట్టూ, డోర్ల కింది అంచుల్లో పెయింట్ పొంగిందేమో వేలితో తడిమి చూడండి. అల్యూమినియం మీద వేరే లోహం, తేమ కలిసిన చోట ఇది మొదలవుతుంది. న్యూజెర్సీ, మిషిగన్ లాంటి ఉప్పు చల్లే రాష్ట్రాల్లో శీతాకాలం తిరిగిన కారులో ఇది ఉంటుందనే అనుకోండి. పెయింట్ మందం కొలిచే పరికరం అల్యూమినియం చదివే రకమై ఉండాలి, మామూలు అయస్కాంతం రకం ఇక్కడ పనికిరాదు. సాల్వేజ్ టైటిల్ ఉన్న, అంటే బాగా దెబ్బతిందని ఇన్సూరెన్స్ వాళ్లు వదిలేసిన వాంటేజ్ ఎంత చవకైనా ముట్టుకోవద్దు. జిగురు చట్రాన్ని సరిగా నిలబెట్టగల షాపులు తక్కువ. టెక్సస్, అరిజోనా కార్లలో తుప్పు ఉండదు గాని, డ్యాష్‌బోర్డ్ తోలు ఎండకి ముడుచుకుని అద్దం వైపు లేస్తుంది. ఆ పని కూడా చవకేమీ కాదు.

శబ్దం విషయంలో పోటీ లేదు, ఆస్టన్ గెలిచింది. ఎగ్జాస్ట్ వాల్వులు 4,000 ఆర్‌పీఎమ్ దాకా మూసి ఉంటాయి. 22వ నంబరు ఫ్యూజ్ తీసేస్తే ఎప్పుడూ తెరిచే ఉంటాయి. చాలా కార్లలో పాత ఓనరు ముందే తీసేసి ఉంటాడు, పక్కింటివాళ్లను దృష్టిలో పెట్టుకుని నిర్ణయించుకోండి.

ఇంట్లో చిన్న పిల్లలుంటే వాదన అక్కడితో అయిపోతుంది. 911 వెనక సీట్లలో ఏడెనిమిదేళ్ల పిల్లల్ని కూర్చోబెట్టవచ్చు, వాంటేజ్ ఇద్దరికే. సామాను విషయంలో మాత్రం తిరగబడుతుంది. వాంటేజ్ వెనక తలుపు ఎత్తితే 300 లీటర్లు, 911 ముందు డిక్కీలో 135. ఒక పెద్ద సూట్‌కేస్ 911లో వెనక సీటు మడిచి పడేయాల్సిందే.

రోజూ ఆఫీసుకి వెళ్లే కారైతే 2009 తర్వాతి కరేరా ఎస్, అందులో చిన్న రిపేర్లన్నీ బిల్లులతో ఉన్నది. అంత డబ్బు పెట్టలేకపోతే 997.1లో 3.8 కంటే 3.6 కరేరా మేలు. బోర్ స్కోరింగ్ అందులోనూ ఉంది గాని తక్కువ. వారాంతం కారైతే, గంట దూరంలో ఆస్టన్ తెలిసిన స్వతంత్ర మెకానిక్ ఉంటే, గత పది వేల మైళ్లలో క్లచ్ మార్చిన 4.7 మాన్యువల్ వాంటేజ్‌కి నా ఓటు. మెకానిక్ లేకపోతే ఆ ఓటు వెనక్కి. ఏది కొన్నా మొదటి ఏడాదికి పోర్షేకి ఐదు వేలు, ఆస్టన్‌కి ఎనిమిది వేల డాలర్లు పక్కన పెట్టుకోండి. టైర్ల పక్కన నాలుగంకెల తయారీ కోడ్ చూడండి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. ఆరేళ్లు దాటితే ట్రెడ్ ఎంత మిగిలినా నాలుగు టైర్లూ బేరంలో లెక్కేయాలి.

తర్వాత ఎప్పుడైనా హైదరాబాద్‌కో విజయవాడకో తీసుకెళ్లిపోదాం అన్న ఊహ ఉంటే వదిలేయండి. పాత కారు దిగుమతికి ఇండియాలో మూడేళ్ల వయసు పరిమితి ఉంది, స్టీరింగ్ కుడివైపే ఉండాలి. ఈ రెండు కార్లూ ఆ రెండు చోట్లా తప్పిపోతాయి.