విరుంగా కొండల్లో నాలుగు రోజులు

రువాండా రాజధాని కిగాలీ నుంచి బస్సులో రెండున్నర గంటలు ప్రయాణించి ముసాంజేలో దిగేసరికి ఊరంతా మబ్బే. మర్నాడు పొద్దున్నే కిటికీ తీస్తే ఎదురుగా ఐదు అగ్నిపర్వతాలు వరుసగా నిలబడి ఉన్నాయి. నేనూ మా తమ్ముడూ కాసేపు మాట్లాడుకోలేదు.

విరుంగా వరసలో మొత్తం ఎనిమిది కొండలు. రువాండా, ఉగాండా, కాంగో సరిహద్దులు వీటి మీదుగానే పోతాయి. సబినియో కొన మీద మూడు దేశాలూ కలుస్తాయి. ఆ పేరుకి ముసలాయన పళ్లని అర్థం, శిఖరం అచ్చం అలాగే ఉంటుంది. ఆఫ్రికా నేల చీలుతున్న చోట పుట్టిన కొండలివి. ఇప్పుడు చురుగ్గా ఉన్నవి కాంగో వైపున్న నిరగోంగో, న్యమురగిరా మాత్రమే.

ఈ కొండల అడవుల్లో ఉండే గొరిల్లాలను చూడాలంటే రువాండాలో మనిషికి 1,500 డాలర్లు. మాకది కుదరలేదు. 75 డాలర్లు కట్టి 3,711 మీటర్ల బిసోకే అగ్నిపర్వతం ఎక్కాం. పొద్దున 7 గంటలకల్లా కినిగి ఊళ్లోని వోల్కనోస్ నేషనల్ పార్కు ఆఫీసులో ఉండాలి, గైడుని వాళ్లే ఇస్తారు. దారంతా మోకాలి లోతు బురద, తగిలితే మండే ఆకులు. చేతికి గ్లవ్స్, పొడవు సాక్సులు లేకుండా వెళ్లకండి. సామాను మోసే కుర్రాణ్ణి పెట్టుకోండి, డబ్బు ఊరివాళ్లకే చేరుతుంది, జారినప్పుడు పట్టుకునేదీ అతనే. పైన అగ్నిపర్వతం నోటి గుంట నిండా నీళ్లు. మేం చేరాక పది నిమిషాలే మంచు విడింది, ఆ పది నిమిషాలకే వచ్చిన శ్రమంతా తీరిపోయింది. అవతలి వాలు కాంగోది.

బస విషయానికొస్తే, ముసాంజేలో మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో రెండు రాత్రులూ వేడినీళ్లు రాలేదు. బురదలో తడిసి వచ్చినవాళ్లకి అది చాలా కష్టం, గది తీసుకునే ముందే కుళాయి తిప్పి చూడండి. తర్వాత కినిగిలో చిన్న లాడ్జికి మారాం. రేటు ఎక్కువే అయినా పొయ్యి రాజేసి, గదిలో వేడినీళ్ల సంచీ పెట్టారు. కొండెక్కేవాళ్లకి అదే నయం. శాకాహారులకి బీన్స్, అరటికాయ, ఇసొంబె అనే కర్రపెండలం ఆకు కూర దొరుకుతాయి. ఇసొంబెలో ఒక్కోసారి చేపో మాంసమో వేస్తారు, అడిగి తినాలి. అక్కడి బంగాళాదుంప రుచి మాత్రం నేనింకా మర్చిపోలేదు. పొలాల చుట్టూ లావా రాళ్ల గోడలు, లోపల మన నల్లరేగడిని తలపించే మన్ను.

లావా అడ్డుపడి ఏర్పడిన బురేరా, రుహొండో సరస్సులకి ఒక పూట చాలు. కివూ సరస్సు ఒడ్డున ఉన్న గిసెన్యీ ఊరికి మాత్రం కనీసం ఒక రాత్రి ఉంచుకోండి. సరిహద్దుకి అవతలే కాంగోలోని గోమా. 2002లో నిరగోంగో లావా ఆ ఊరిని చీల్చుకుంటూ సరస్సు దాకా వచ్చింది. మేం దాటలేదు, దాటమని చెప్పను కూడా. వెళ్తే జూన్ నుంచి సెప్టెంబరు మధ్య వెళ్లండి, వానలు తక్కువ.