యాభై దాటాక కారు నేర్చుకునేవాళ్లకి పాత ఆల్టో 800: ఆరేళ్ల వాడకం మీద సమీక్ష

ఆరేళ్లలో ఈ బండి ఎక్కువగా తిరిగింది ఒకటో గేరులో, రెండో గేరులో. ఆంధ్ర సరిహద్దులో ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడి చుట్టుపక్కల రోడ్ల మీద, పొద్దున్న ఐదున్నర నుంచి ఎండెక్కే దాకా, యాభై దాటాక స్టీరింగ్ పట్టినవాళ్ల చేతుల్లో. రిటైరైన మేష్టార్లు, పిల్లలు ఊరు విడిచిపోయి ఇద్దరే మిగిలిన దంపతులు, కొట్టు కొడుక్కి అప్పజెప్పిన షావుకార్లు. కాబట్టి మైలేజీ గురించీ పాటల సిస్టం గురించీ ఇక్కడేమీ ఉండదు. ఆ వయసులో నేర్చుకుని, బ్రేకిన్‌స్పెక్టర్ ముందు పాసవడానికి ఈ కారు పనికొస్తుందా అన్నదే లెక్క. పనికొస్తుంది, ఎడమ మోకాలు బాగుంటే.

796 సీసీ, మూడు సిలిండర్లు, ఐదు గేర్లు. పొడవు మూడున్నర మీటర్లలోపే. 4.6 మీటర్ల టర్నింగ్ రేడియస్ కాబట్టి ఊళ్లో సందుల్లో వెనక్కీ ముందుకీ పెద్దగా ఆడించక్కర్లేదు. 2023లో తయారీ ఆగిపోయింది, ఇక దొరికేది సెకండ్ హ్యాండే. అన్నిటికన్నా కింది రకంలో పవర్ స్టీరింగ్ ఉండదు. భుజం పట్టేసే వయసులో నిలబడ్డ బండి స్టీరింగ్ తిప్పడం శిక్షే, ఎల్‌ఎక్స్‌ఐ గానీ దాని పైది గానీ చూసుకోండి.

సీటు ఎత్తు పెంచే ఏర్పాటు లేదు. ఐదడుగుల లోపు వాళ్లకి డ్యాష్‌బోర్డు మీదుగా రోడ్డు దగ్గరగా కనబడదు. మెత్త వేసుకోవాలి గానీ స్పాంజి మెత్త వద్దు. బ్రేకు కొట్టినప్పుడు మనిషితో సహా ముందుకు జారుతుంది, సీటు బెల్టు నడుం మీంచి పొట్ట మీదకి ఎక్కుతుంది. రెండంగుళాల గట్టి కొబ్బరిపీచు మెత్తని నాడాలతో సీటుకి కట్టాలి. ఆ తర్వాత సీటు ఎంత ముందుకి జరపాలంటే, క్లచ్ అడుగంటా తొక్కినా మోకాలు ఇంకా కాస్త వంగి ఉండాలి. వీపు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచు మీద పడాలి. పెద్దవాళ్లు భయం కొద్దీ స్టీరింగ్‌ని గుండెకి హత్తుకుని కూర్చుంటారు. అలా కూర్చుంటే మలుపులో మోచేతులకి చోటుండదు, తిప్పడం సగంలో ఆగుతుంది.

ఇక క్లచ్. దాని దగ్గర నేర్చుకోవలసింది ఒక్కటే, అది పట్టుకునే చోటు. చదును నేల మీద, అద్దాలు దింపి, ఏసీ ఆపి, ఒకటో గేరు వేయండి. కుడి కాలు యాక్సిలరేటరు జోలికి పోకూడదు. ఎడమ మడమ నేలకి ఆనించి క్లచ్‌ని రవ్వంత రవ్వంత వదలండి. ఓ చోట ఇంజను శబ్దం బరువెక్కుతుంది, బండి ముక్కు కాస్త లేస్తుంది, స్టీరింగ్‌లో సన్నటి వణుకు వేళ్లకి తెలుస్తుంది. అక్కడ కాలు ఆపండి. బండి దానంతటదే నత్తలా కదులుతుంది. ఐదు మీటర్లు పోగానే క్లచ్ తొక్కి బ్రేకు. ఇదే రోజుకి ఇరవై సార్లు, నాలుగు రోజులు. ఈ నాలుగు రోజులూ స్టీరింగ్ తిప్పే పని పెట్టుకోవద్దు.

ఎక్కడ చెడుతుందంటే, బండి కదిలిందన్న సంబరంలో కాలు మొత్తం ఎత్తేస్తారు. చిన్న ఇంజను, 69 న్యూటన్ మీటర్ల టార్కు, ఓ కుదుపు కుదిపి ఆఫ్ అయిపోతుంది. బండి కదిలాక కూడా క్లచ్‌ని అదే చోట ఇంకో రెండు సెకన్లు పట్టాలి. ఆర్పీఎం మీటరు లేకపోవడం ఇక్కడ లోపంగా అనిపించదు, కళ్లు రోడ్డు మీదే ఉండి చెవి పని నేర్చుకుంటుంది. ముప్పై ఏళ్లు మోటారుసైకిలు తోలినవాళ్ల ఇబ్బంది వేరు. గేరు పడగానే చెయ్యి యాక్సిలరేటరు తిప్పినట్టు వీళ్ల కుడి కాలు దిగిపోతుంది. వాళ్లకి మొదటి వారం కుడి కాలు చెప్పు విప్పించి బ్రేకు పక్కన ఉత్తినే నేల మీద పెట్టించాలి. కాలు లేపితే వాళ్లకే తెలుస్తుంది.

ఎత్తు మీద బండి లేపడం అసలు పరీక్ష. గెడ్డ (వాగు) మీది కల్వర్టుకి ఎక్కే రోడ్డు చాలు, ఘాటీ అక్కర్లేదు. హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగండి. ఒకటో గేరు. యాక్సిలరేటరు కొద్దిగా, శబ్దం ఒక మెట్టు పెరిగేంత. క్లచ్ పట్టుకునే చోటికి వదిలితే ముక్కు లేచి బండి హ్యాండ్ బ్రేకు మీద గుంజుకుంటుంది. అప్పుడు లీవరు ఇంకో రవ్వ పైకి లాగి, బొత్తాం నొక్కి, కిందకి దించండి. పైకి లాగకుండా బొత్తాం నొక్కితే అది బిగుసుకుని రాదు, రెండో చేత్తో పెనుగులాడుతుంటే క్లచ్ కాలిన వాసన మొదలవుతుంది. ముక్కు లేవకముందే దించితే వెనక్కి జారుతుంది. వెనక చక్రం నుంచి బెత్తెడు దూరంలో ఇటుక పెట్టి చేయిస్తే ఎంత జారిందో కంటికే తెలుస్తుంది.

దిగేటప్పుడు, ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి. న్యూట్రల్‌లో పెట్టి పెట్రోలు మిగులుద్దామనే అలవాటు స్కూటరు రోజులది, దాన్ని మొదటి రోజే వదిలించాలి. బ్రేకు మీదే ఆధారపడి దిగితే వేడెక్కి పట్టు తగ్గుతుంది. సాలూరు దాటాక వచ్చే సుంకి ఘాటీకి లైసెన్సు వచ్చిన మూడు నెలల వరకు వెళ్లకండి. పర్లాకిమిడి నుంచి గుణుపురం రోడ్డు పొద్దున్న పూట చాలు. సంత రోజు మాత్రం మానుకోండి. మేకలు ఒకటి దాటితే మందంతా దాటుతుంది, ట్రెక్కరు జీపులు జనం చెయ్యెత్తిన చోటల్లా నిలబడిపోతాయి.

పక్కన ఎవరు కూర్చోవాలన్నది కారు కన్నా ముఖ్యం. మొగుడి దగ్గర పెళ్లాం, కొడుకు దగ్గర తండ్రి నేర్చుకోవడం మొదటి పది గంటలు వద్దే వద్దు, కారు బాగానే ఉంటుంది గానీ కాపురం గీసుకుపోతుంది. డ్రైవింగ్ స్కూలు బండికి పక్క సీటు దగ్గర కూడా బ్రేకు, క్లచ్ ఉండి తీరాలని నిబంధన. సొంత వాడకం కారుకి కనీసం 21 రోజుల శిక్షణ, అందులో 10 గంటలు తగ్గకుండా నడిపించడం కూడా నిబంధనే. పది రోజుల ప్యాకేజీ అన్నవాడిని గంటల లెక్క అడగండి. ఈ వయసువాళ్లకి ఆ పది గంటలు చాలవు. స్కూల్లో పది అయ్యాక సొంత బండి మీద మరో ఇరవై గంటలు, అరగంట చొప్పున. అరగంట దాటితే ఎడమ కాలు అలిసిపోతుంది, తప్పులు మళ్లీ మొదలవుతాయి.

కళ్లద్దాల సంగతి ఎవరూ చెప్పరు. ప్రోగ్రెసివ్ అద్దాల్లో పక్కల చూపు మసగ్గా ఉంటుంది, కనుగుడ్డు తిప్పి సైడ్ మిర్రర్ చూస్తే చెదిరినట్టు కనబడుతుంది. మెడ తిప్పి చూడాలి. మెడ తిరగనివాళ్లు రెండు వైపుల అద్దాలకీ చిన్న గుండ్రటి కుంభాకార అద్దాలు అంటించుకుంటే వెనక చక్రం కనబడుతుంది. షుగరు మందు వేసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో పొద్దున్నే స్టీరింగ్ ఎక్కకండి. వెనక పట్టీ లేని చెప్పు పెడల్ కింద ఇరుక్కుంటుంది. చీర కుచ్చిళ్లు క్లచ్ కిందకి పోతాయి, కాస్త ఎత్తి దోపుకోవాలి.

కాగితాలు త్వరగా చెప్పేస్తాను. నలభై దాటినవాళ్లకి ఫారం 1ఏ, అంటే డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. చూపు కొలత, మంచి వెలుతురులో 25 మీటర్ల దూరంలో కారు నంబరు ప్లేటు చదవగలగడం, అద్దాలు పెట్టుకునైనా సరే. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, తీసుకున్న 30 రోజుల తర్వాతే అసలు పరీక్ష. కేంద్ర నిబంధనల ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్‌కి 150, దాని పరీక్షకి 50, డ్రైవింగ్ పరీక్షకి 300, లైసెన్సుకి 200 రూపాయలు. రాష్ట్రం వేసే చార్జీలు వేరు. ఎల్ బోర్డు 18 సెంటీమీటర్ల చదరం, తెలుపు మీద ఎరుపు ఎల్, అక్షరం ఎత్తు 10 సెంటీమీటర్లు తగ్గకూడదు. బండి ముందూ వెనకా పెట్టాలి.

మన సరిహద్దువాళ్ల సందేహం ఒకటుంది. ఒడిశాలో తీసుకున్న ఎల్‌ఎల్‌ఆర్‌తో అవతల ఆంధ్రలో పాతపట్నం రోడ్డు మీద నేర్చుకోవచ్చా అని. నేర్చుకోవచ్చు, అది దేశమంతా చెల్లుతుంది, పక్కన లైసెన్సున్న మనిషి ఉంటే. దరఖాస్తు మాత్రం మీరు నివాసం ఉండే, వ్యాపారం చేసే, లేదా మీరు నేర్చుకునే డ్రైవింగ్ స్కూలు ఉన్న రాష్ట్రంలోనే. ఆ రాష్ట్రంలో ఏ ఆర్టీవో ఆఫీసుకైనా వెళ్లొచ్చు. శ్రీకాకుళంలో మేనల్లుడు ఉన్నాడు కదా అని అక్కడ పెట్టుకోవడం కుదరదు.

పరీక్షలో అడిగేవి 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వ దానిలో ఉన్నాయి. ఎక్కగానే మిర్రర్ సరిచేసుకోవడం అందులో మొదటిది, చాలామంది మార్కు పోగొట్టుకునేది అక్కడే. అంతకు ముందే సరిగ్గా ఉన్నా సరే, ఇన్‌స్పెక్టర్ చూస్తుండగా చెయ్యి పెట్టి కదపండి. తర్వాత పై గేరు దాకా వెళ్లడం, చప్పున కింది గేరుకి రావడం, ఎత్తు మీద జారకుండా లేపడం, ఇరుకు చోటులోకి రివర్స్ పెట్టడం, గబుక్కున ఆపడం.

రివర్స్‌కి ఈ కారులో ముందే చేసుకోవలసిన లెక్క ఒకటి. స్టీరింగ్ ఒక చివర నుంచి రెండో చివర దాకా ఎన్ని తిప్పులో లెక్కపెట్టి అందులో సగం గుర్తుంచుకోండి. చక్రాలు తిన్నగా రావడానికి అన్ని తిప్పులు వెనక్కి తిప్పాలి. రివర్స్‌లో యాక్సిలరేటరు ముట్టకూడదు, హాఫ్ క్లచ్ మీదే పాకాలి. పరీక్షలో రెండు వరసలుగా పాతిన కర్రల్లో లోపలి వైపుది మీ పక్క మిర్రర్ దాటి వెనక తలుపు అద్దంలో సగానికి వచ్చినప్పుడు స్టీరింగ్ పూర్తిగా కోయాలి. వెనక అద్దంలో రెండు వరసల కర్రలూ సమంగా కనబడగానే తిన్నగా చేయాలి. ఇక్కడ జరిగే పొరపాటు, లోపలి కర్ర మీదే కళ్లు పెట్టి ముందు మూల మర్చిపోవడం. వెనక్కి పోతుంటే ముందు బంపరు బయటికి విసురుతుంది, కర్ర పడేది అక్కడ. ఒకసారి చూపు వెనక, ఒకసారి ముందు మూల, మళ్లీ వెనక. తొందరైతే ఆపేయండి, ఆపితే తప్పు లేదు, తగిలితేనే తప్పు.

ఇన్‌స్పెక్టర్ ఒడియాలో చెప్పే మాట అర్థంకాక తడబడేవాళ్లు మనలో ఉన్నారు. డాహాణ అంటే కుడి, బామ అంటే ఎడమ, పఛకు అంటే వెనక్కి, సిధా అంటే తిన్నగా. ఈ నాలుగు ఒడియా మాటలూ నోటికి కాదు, చేతికి రావాలి. ఇంట్లో మనవడి చేత అరిపించుకుని చెయ్యి చూపిస్తూ సాధన చేయండి. ఫెయిలైతే ఏడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లొచ్చు. మూడుసార్లూ పోతే మాత్రం 60 రోజులు ఆగాలి.

బండి మీద పడే దెబ్బ సంగతి. నేర్చుకునేవాళ్ల చేతిలో క్లచ్ ప్లేటు తొందరగా అరగడం తయారీ తప్పు కాదు, ఏ కారైనా అంతే. అరిగిందో లేదో చూడాలంటే, ఎదురుగా ఎవరూ లేని చోట హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరు వేసి, క్లచ్ నెమ్మదిగా వదలండి. ఇంజను వెంటనే ఆఫ్ అవ్వాలి. ఆఫ్ అవకుండా తిరుగుతూ ఉంటే ప్లేటు అయిపోయినట్టే. క్లచ్ కేబులు రకం, సాగితే పట్టుకునే చోటు కిందకి జారుతుంది. నేర్చుకున్న కాలికి అది మోసం, నెలకోసారి సర్దించండి. బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లదే. అరగంటలో పదిహేను సార్లు ఆఫ్ అయి పదిహేను సార్లు స్టార్టు చేస్తే దిగిపోతుంది, క్లాసు అయ్యాక ఇరవై నిమిషాలు రోడ్డు మీద తిప్పాలి. ఎడమ ముందు టైరు పక్కగోడ గట్లకి రాసుకుని చీలుతుంది, వారానికోసారి చేత్తో తడిమి చూడండి.

ఆటోమేటిక్ కొనొచ్చా అంటే, మోకాలి నొప్పి ఉంటే ఇవన్నీ మానేసి అదే కొనండి. కార్లకి గేర్లున్నది, లేనిది అని లైసెన్సులో వేరే తరగతులు లేవు, ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) ఒకటే. అలా పాసై తర్వాత గేర్ల కారు ఎక్కేవాళ్లు పైన చెప్పిన నాలుగు రోజుల క్లచ్ పాఠం చేయకుండా రోడ్డెక్కకూడదు, చట్టం ఒప్పుకున్నా కల్వర్టు ఒప్పుకోదు. లైసెన్సు గడువు కూడా వయసు బట్టే. 50 నుంచి 55 లోపు తీసుకుంటే అరవై నిండేదాకా, 55 దాటితే అయిదేళ్లు.

విశాఖలోనో శ్రీకాకుళంలోనో చవగ్గా దొరికిందని ఏపీ బండి కొని ఒడిశాలో పెట్టుకునేవాళ్లు అడ్వాన్సు ఇచ్చే ముందే ఎన్‌వోసీ, అంటే ఫారం 28, అమ్మేవాడి చేతే తీయించండి. పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంచితే ఒడిశా వాళ్ల ఓడీ నంబరు వేయించుకోక తప్పదు. ఇక్కడ కట్టే రోడ్డు ట్యాక్సు కూడా ధరలో కలుపుకుని చూస్తే, గజపతి జిల్లా ఓడీ-20 నంబరు మీదో రాయగడ ఓడీ-18 నంబరు మీదో పది వేలు ఎక్కువ చెప్పిన బండే ఒక్కోసారి చవక పడుతుంది.