కొత్త సిటీ బస్సుల్లో కొన్నేళ్లు తిరిగాక నా రివ్యూ

లో ఫ్లోర్ ఎలక్ట్రిక్ బస్సులు, లైవ్ ట్రాకింగ్ యాప్, ట్యాప్ చేసే కార్డు, స్టాపుల్లో టైం చూపించే బోర్డులు... ఇవన్నీ వచ్చిన దగ్గర్నుంచీ ఆఫీసుకి వెళ్లేదీ వచ్చేదీ వాటిల్లోనే. వచ్చిన కొత్తల్లో అందరూ రాసిన రివ్యూలు చదివా, సీట్లు బాగున్నాయి ఏసీ బాగుంది అని, అవి నిజమే కూడా. కానీ ఇన్నాళ్లు వాడాక నేను చెప్పాలనుకున్నది ఒకటే. బండి నిజంగానే మారింది, స్టాపులో నిలబడే టైం మాత్రం మారలేదు.

ముందు బాగున్నవి చెప్తా. ఇంజిన్ మోత లేదు, గేరు మార్చినప్పుడల్లా ముందుకీ వెనక్కీ ఊగడం లేదు, పొగ వాసన లేదు, దిగాక తల బరువెక్కడం తగ్గింది. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ పాత బస్సు మెట్లు ఎక్కలేక ఆటోలో వెళ్లేది, ఇప్పుడు నాతో బస్సులోనే వస్తోంది. అయితే వెనక సగంలో సీట్లు ఎత్తు మీద ఉంటాయి, మళ్లీ మెట్టెక్కాలి, ముందు కిందున్న కాసిని సీట్లూ నిండిపోతే పెద్దవాళ్లు నిలబడాల్సిందే. ఇంకోటి, స్టాపులో ఎవరో కారు పెట్టేసి పోతారు, బస్సు రోడ్డు మధ్యలోనే ఆగుతుంది, అప్పుడు ఫుట్‌పాత్ దిగి రోడ్డు మీద నుంచి ఎక్కాలి. వీల్‌చైర్‌లో ఒకాయన వచ్చిన రోజు చూశా, డ్రైవర్ పాపం దిగి ర్యాంపు తీశాడు, అది రోడ్డు మీదకి ఏటవాలుగా దిగింది, ఇద్దరం వెనక నుంచి తోస్తే గానీ కుర్చీ ఎక్కలేదు. బస్సు ఫుట్‌పాత్‌ని ఆనుకుని ఆగకపోతే లో ఫ్లోర్ కొని ఏం లాభం? బ్రెజిల్‌లో కురిచిబా అనే ఊళ్లో 1991లోనే గాజు గొట్టాల్లాంటి స్టాపులు కట్టారు, టికెట్ లోపలికి వెళ్లేటప్పుడే అయిపోతుంది, స్టాపు నేలా బస్సు నేలా ఒకే ఎత్తు, జనం నడుచుకుంటూ బస్సులోకి వెళ్లిపోతారు. అక్కడ తిరిగినవి డీజిల్ బస్సులే.

ఇక అసలు బాధ. బోర్డు మీద 10 నిమిషాలకో బస్సు అని ఉంటుంది, ఎంతసేపు చూసినా రాదు, వచ్చినప్పుడు రెండు కలిసి వస్తాయి. ముందుది తలుపు దాకా కిక్కిరిసి ఉంటుంది, వెనకది దాదాపు ఖాళీ. అందరూ డ్రైవర్లని తిడతారు గానీ ఇది వాళ్ల తప్పు కాదు. ఒక బస్సు సిగ్నల్ దగ్గర ఓ రెండు నిమిషాలు ఆగిపోయిందనుకోండి, ఆలోపు తర్వాతి స్టాపులో జనం పెరుగుతారు, వాళ్లు ఎక్కేసరికి ఇంకా లేటవుతుంది, ఆ తర్వాతి స్టాపులో ఇంకా ఎక్కువ మంది, ఇంకా లేటు, ఈలోపు వెనక బస్సుకి ఎక్కేవాళ్లే ఉండరు కాబట్టి అది ఎక్కడా ఆగకుండా వచ్చి దీన్ని పట్టేసుకుంటుంది. న్యూవెల్, పాట్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1964లోనే దీన్ని లెక్కగట్టి చూపించారు. సమానంగా 10 నిమిషాలకొకటి వస్తే టైం చూసుకోకుండా వచ్చినవాడు సగటున 5 నిమిషాలు ఆగుతాడు, అవే బస్సులు 20 నిమిషాలకోసారి జంటగా వస్తే సగటు 10 నిమిషాలు. గంటకి ఆరు బస్సులు అప్పుడూ ఆరే, ఇప్పుడూ ఆరే! కాగితం మీద సర్వీసు ఏమీ తగ్గలేదు, జనం నిలబడేది మాత్రం రెట్టింపు. మధ్యలో బస్సు మారాల్సినవాళ్లకి ఈ కష్టం రెండుసార్లు.

దీనికి కొత్త బస్సులు కొంటే సరిపోదు, రోడ్డు మీద బస్సుకి చోటివ్వాలి. సియోల్‌లో 2004 జూలైలో రూట్లన్నీ మార్చి రంగుల వారీగా పెట్టినప్పుడు దాంతోపాటే పెద్ద రోడ్ల మధ్యలో బస్సులకి లేన్లు కూడా ఇచ్చారు, బస్సు, మెట్రో మారినా ఒకే కార్డు మీద దూరాన్ని బట్టి ఛార్జీ పడేలా చేశారు. అన్నీ ఒకేసారి చేశారు కాబట్టే అది గుర్తుండిపోయింది. మా రూట్లో బస్ లేన్ అని పెయింటు వేశారు, పొద్దున్నే అందులో బైకులూ డెలివరీ వ్యాన్లూ ఉంటాయి, తీయించేవాళ్లు లేరు. కార్డు సంగతీ అంతే, మిషన్ ముందు తలుపు దగ్గర ఒక్కటే, ట్యాప్ క్షణంలో అవుతుంది గానీ అందరం ఒకే తలుపు దగ్గర క్యూ కట్టాలి, నడి తలుపు దిగడానికి మాత్రమే అంటారు. శాన్ ఫ్రాన్సిస్కోలో 2012 నుంచి అన్ని తలుపుల్లోంచీ ఎక్కనిస్తున్నారు. ఆ నడి తలుపు దగ్గర ఇంకో మిషన్ పెడితే ఎంత టైం కలిసొస్తుందో, అడిగి అడిగి విసుగొచ్చింది.

యాప్ బాగానే పనిచేస్తుంది, ఒక్క విషయం తప్ప. జీపీఎస్ అందని బస్సుకి షెడ్యూల్ టైమునే లైవ్ టైంలా చూపిస్తుంది. 4 నిమిషాలు, 2 నిమిషాలు, వచ్చేసింది అంటుంది, రోడ్డు మీద ఏమీ ఉండదు, ఆ లైను మాయమైపోతుంది. నిజంగా వస్తున్న బస్సుకీ, రావాల్సిన బస్సుకీ వేరే రంగు పెట్టండి చాలు. రాత్రి తొమ్మిది దాటాక అయితే యాప్ చూసే పనే లేదు, బస్సులే ఉండవు. లేట్ షిఫ్టు వాళ్లు మనుషులు కారా?

డ్రైవర్లకి రూటు చివర్లో ఆగే టైం కూడా సరిగ్గా ఇవ్వట్లేదు. లేటుగా వచ్చిన బస్సు కనీసం బాత్రూంకి వెళ్లే టైం లేకుండా వెంటనే వెనక్కి బయల్దేరుతుంది, ఆ లేటు అవతలి వైపు జనానికి కూడా అంటుకుంటుంది. ఆ కాస్త ఖాళీ సమయం షెడ్యూల్లో ఉంటే డ్రైవరుకి ఊపిరాడుతుంది, బస్సూ మళ్లీ టైంకి వస్తుంది.

ఎన్ని కొత్త బస్సులు వచ్చాయని ప్రకటనలు ఇస్తారు కదా, వాటితో పాటు ఇంకో అంకె కూడా వేయండి. లండన్‌లో గంటకి 5 లేదా అంతకన్నా ఎక్కువ బస్సులుండే రూట్లకి, ఉండాల్సిన దానికన్నా ప్రయాణికుడు సగటున ఎంత ఎక్కువసేపు ఆగాల్సొచ్చిందో కొలుస్తారు, దాన్ని బట్టే నడిపే కంపెనీలకి బోనస్సో కోతో పడుతుంది. ప్రతి బస్సులో జీపీఎస్ ఎలాగూ ఉంది, కొలవడానికి కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. ప్రతి రూటుకీ ఆ అంకె నెలనెలా ప్రతి స్టాపులోనూ అంటించండి.